చెట్టు కింద ఏం దొరికితే అదే బొమ్మ

(బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి రెండు వారాల ముందు తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు ఒక నర్సరీ టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ నాన్నలూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పిల్లలు అరుస్తున్నారని ఎవరూ గదమాయించకండి, మైకు ఉంది కదా, నా గొంతు వినపడుతుంది.

నన్ను పిలిచిన అమ్మాయి ఫోన్లో ఏమందంటే, "మేడమ్, ఈ సీజన్లో చిన్నపిల్లలతో బయట చేయించడానికి ఒక ఇరవై యాక్టివిటీలు చెప్పండి, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించుకుంటాం" అంది. లిస్టు నా దగ్గర లేదమ్మా. ఉన్నా ఇవ్వను. లిస్టు చేతికొస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఆదివారం పది గంటలకి ఒకటో నంబరు, పదీ ఇరవైకి రెండో నంబరు, మధ్యలో ఫోటోలు, "అలా కాదు కన్నా, ఇలా పట్టుకో", ఇంకేముంది, పిల్లాడికి అది ఆరో రోజు స్కూలు. (నవ్వులు)

నేను చెప్పాలనుకున్నది చిన్నది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఊళ్ళో ఆటసామాను చెట్ల మీంచి రాలి కింద పడుతుంది. కొనక్కర్లేదు, ఆర్డర్ పెట్టక్కర్లేదు. మనం చేయాల్సింది ఏ వేళకి వెళ్ళాలో చూసుకోవడం, మంచి చోటు చూసుకోవడం, అక్కడ ప్రమాదమైనవి ఉంటే తీసేయడం, ఆ తర్వాత నోరు మూసుకుని ఒక పక్కన కూర్చోవడం. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. నాలుగోది చేయగలిగిన అమ్మానాన్నలు నాకు ఎక్కువమంది తగల్లేదు.

మీలో నెల్లూరు వాళ్ళున్నారు, గుంటూరు వాళ్ళున్నారు, కర్నూలు, వరంగల్ అన్నీ ఉన్నాయి. మన ఊళ్ళలో వసంతం అంటే వేపపూత, మామిడి పిందెలు, కోయిల అరుపు, అవి అయ్యేలోపే నెత్తి మాడ్చే ఎండ. ఇక్కడ మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం కాబట్టి మార్చిలో పొద్దున పూట ఇంకా చల్లగానే ఉంటుంది. ఇక చెట్ల సంగతి. ఈ ఊళ్ళో ఒక రకం పూత తగ్గుతుంటే ఇంకో రకం మొదలవుతుంది, మీరు గమనించే ఉంటారు. అదేం ఊరికే జరగలేదు. క్రుంబీగల్ అని జర్మనీ నుంచి వచ్చిన ఒక ఉద్యానవన నిపుణుడు 1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నాడు, ఏడాది పొడవునా ఏదో ఒక వీధిలో ఏదో ఒకటి పూస్తూ ఉండాలని లెక్క వేసుకుని దేశదేశాల చెట్లు తెచ్చి నాటించాడు. తర్వాత 1980లలో నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి హయాంలో ఊరంతా లక్షల మొక్కలు పెట్టారు. ఇప్పుడు మన పిల్లలు ఏరుకునేవన్నీ ఆ చెట్లవే.

గులాబీ రంగు టబేబుయా పూసినప్పుడు ఫోటోలకి ఎంత జనం వెళ్తారో మీకు తెలుసు. పెద్దవాళ్ళు మెడ ఎత్తి పైకి చూస్తుంటారు, వాళ్ళ పక్కనున్న మూడేళ్ళ పిల్ల మాత్రం గొంతుక్కూర్చుని కింద రాలిన పువ్వులో వేలు దూర్చి, వేలికి టోపీ పెట్టానని చూపిస్తుంటుంది. ఎవరూ చూడరు. "ఇటు చూడు, స్మైల్" అంటారు.

మా స్కూలు సందులో ఒక మహాగని చెట్టుంది. దాని కాయ పిడికిలి కంటే పెద్దది, చెక్కలాగా గట్టిగా ఉంటుంది, ఈ ఎండలకి పగిలి పెంకులుగా విడిపోతుంది. లోపల గింజలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, ప్రతి గింజకీ వేలెడు పొడుగు గోధుమరంగు రెక్క. గింజ వైపు బరువు, రెక్క వైపు తేలిక కాబట్టి పైకి ఎగరేస్తే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. మా క్లాసులో ఒక నాలుగేళ్ళ అమ్మాయికి ఒకటి దొరికింది. ఎగరేసింది, తిరిగింది. మళ్ళీ ఎగరేసింది. తర్వాత ఏమనిపించిందో, రెక్కని సగానికి విరిచి ఎగరేసింది, ఈసారి సరిగ్గా తిరగలేదు, టప్పున పడిపోయింది. పిల్ల మొహం చూడాలి. ఇంకోటి తెచ్చి కొసన కొంచెమే విరిచింది. తర్వాత మెట్టెక్కి వదిలింది, ఆ తర్వాత ఇంకో మెట్టు పైకి. పక్కనున్న అబ్బాయి రెండు గింజలు కలిపి పట్టుకుని ఎగరేస్తే ఆ పిల్ల నడుము మీద చెయ్యి వేసుకుని "అలా పడవు, ఒక్కొక్కటే వేయాలి" అని వాడికి క్లాసు పీకింది. మా కొత్త టీచరమ్మ ఉత్సాహంగా ముందుకెళ్ళి "దీన్నేమంటారో తెలుసా పిల్లలూ..." అని మొదలుపెట్టబోతుంటే నేను కొంగు పట్టుకుని ఆపాను. ఆ పిల్ల సొంతంగా కనిపెడుతున్నదాన్ని మనం మధ్యలో దూరి పాఠం చేస్తే గింజ కింద పడేసి మన మొహం చూస్తుంది. పేరు రేపు చెప్పొచ్చు, అడిగితే.

ఇలాంటివి ఈ రెండు నెలల్లో బోలెడు. కబ్బన్ పార్కులో నిద్రగన్నేరు చెట్ల కింద నల్లటి కాయలు పడుంటాయి, జిగురు జిగురుగా, ఒకప్పుడు ఇక్కడి పిల్లలు వాటిని దంచి ముద్ద చేసి క్రికెట్ బంతి చేసుకునేవాళ్ళు. నిప్పురంగు పూల ఆఫ్రికన్ ట్యులిప్ చెట్టుంది చూడండి, ఇక్కడి వాళ్ళు నీరుకాయి మర అంటారు, దాని మొగ్గలో నీళ్ళుంటాయి, కొస గిల్లి నొక్కితే పిచికారీలా చిమ్ముతాయి. బట్టల మీద పడితే మరక పోదు, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఏప్రిల్లో తురాయి వచ్చేస్తుంది, దాని కేసరాలు మెలేసి లాగి కోడిపందేలు ఆడటం మీలో ఎవరికి రాదు? చేతులెత్తండి. ఒక్కరూ ఎత్తలేదు చూశారా. మరి మీ పిల్లల్లో ఎంతమందికి వచ్చు?

కానుగ చెట్టు గురించి కొంచెం చెప్పాలి, నాకిష్టం కాబట్టి. మార్చి, ఏప్రిల్లో లేతాకు వేసి, తెలుపూ లేత ఊదా కలిసిన చిట్టి పూలు ఫుట్‌పాత్ నిండా రాలుస్తుంది. మా పిల్లలు వాటిని బొరుగులు అంటారు. మొన్న ఒక బొరుగుల కొట్టు పెట్టారు, ఆకు పొట్లం, పుల్ల గరిటె, ఎండిన కానుగ కాయలు పైసలు. నేను వెళ్ళి పది రూపాయలవి ఇమ్మంటే కొట్టతను, ఐదేళ్ళుంటాయి, ఒక పెద్ద ఆకు నా మొహం ముందు పెట్టి "స్కాన్ చేయండి" అన్నాడు. సరే అని ఉత్తి చేత్తో స్కాన్ చేసి పొట్లం తీసుకుని నడుస్తుంటే వెనకనుంచి కేక, "ఆంటీ, ఇంకా రాలేదు, సౌండ్ రాలేదు!" (నవ్వులు) మన చిన్నప్పుడు గుజ్జనగూళ్ళు ఆడుకున్నాం, వీళ్ళదీ అదే ఆట, స్కానర్ ఒకటి ఎక్కువ. తెలుగు పిల్ల కన్నడంలో బేరమాడుతుంది, తమిళ పిల్లాడు హిందీలో కుదరదంటాడు, కొట్టు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఉగాది దగ్గరపడింది కదా, వేపపువ్వు ఈసారి ప్యాకెట్‌లో తెచ్చుకోకండి. ఎక్కడైనా పూసిన వేపచెట్టు చూసుకోండి, ఎవరి చెట్టో వాళ్ళనడిగి, కింద పాత దుప్పటి పరిచి, పొడుగాటి కర్రతో కొమ్మని మెల్లిగా ఊపండి. పువ్వుతో పాటు చీమలు పడతాయి, ఎండుపుల్లలు పడతాయి, ఆకులు పడతాయి. అవన్నీ ఏరడానికి మూడు నాలుగేళ్ళ పిల్లల వేళ్ళని మించినవి లేవు. చిన్న చాటలో పోసి ఊదమనండి, తేలికవి పోతాయి, కొంత పువ్వూ పోతుంది, పోనివ్వండి. ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లిస్తారు, అయినా ఇంకోటి వేసుకుంటారు, ఎందుకో నాకు అర్థం కాదు. పండగ నాడు పచ్చడి గిన్నెలో "ఇది నేనేరిన పువ్వు" అని వెతుక్కుంటుంటే మీ ఇంట్లో పచ్చడి వద్దనేవాళ్ళు ఉండరు.

ఇసుక. ఏ వీధిలోనైనా ఇల్లు కడుతుంటే రోడ్డు పక్కన ఇసుక కుప్ప పోస్తారు, సాయంత్రానికి ఆ వీధి పిల్లలంతా దాని మీదే ఉంటారు, పక్కనే లక్షలు పోసి కట్టిన పార్కు ఖాళీ. డెన్మార్క్‌లో సోరెన్సెన్ అని ఒకాయన, పార్కులు డిజైన్ చేయడమే ఆయన పని, ఈ సంగతి తొంభై ఏళ్ళ క్రితమే పట్టుకున్నాడు. తను కట్టిన ఆటస్థలాల్లో తప్ప మిగతా అన్నిచోట్లా పిల్లలు ఆడుతున్నారని గమనించి, అయితే పాత చెక్కలూ ఇటుకలూ తాళ్ళూ పడేసి ఉన్న చోటే వాళ్ళకిద్దాం అన్నాడు. 1943లో, దేశం జర్మన్ సైన్యం చేతుల్లో ఉండగా, కోపెన్‌హాగన్ దగ్గర ఎమ్డ్రప్‌లో అలాంటి మొదటి ఆటస్థలం తెరిచారు. ఆ తర్వాత యూరప్‌లో అలాంటివి చాలా వచ్చాయి. మన అసోసియేషన్ మాత్రం ఇంకో స్లైడు కొందామా, అది నీలమా ఎరుపా అని ఓటింగ్ పెడుతోంది.

అసోసియేషన్ వాళ్ళు ఇక్కడే ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నా. ఆ మూల, జనరేటర్ రూము వెనక, రెండు మంచాలు పట్టేంత స్థలం ఊరికే ఉంది. అడుగున్నర లోతు తవ్వి, నీళ్ళు ఇంకిపోయేలా అడుగున కంకర, దాని మీద గుడ్డ, ఆపైన కడిగిన నది ఇసుక పోయించండి. ఎం-శాండ్ పోయొద్దు, అది రాయిని పిండి చేసింది, దుమ్ము ఎక్కువ, అంచులు పదును. రాత్రిళ్ళు టార్పాలిన్ కప్పకపోతే పిల్లులు దాన్ని తమ బాత్రూం చేసుకుంటాయి, సెక్యూరిటీ అన్నకి ఆ ఒక్క పని అప్పజెప్పండి. అందులో పాత గిన్నెలు, గరిటెలు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ పైపు ముక్కలు పడేయండి. బొమ్మ లారీ ఒకటి వేస్తే దానికోసం కొట్టుకుంటారు, కొబ్బరి చిప్పలు పది వేస్తే ఎవరూ కొట్టుకోరు.

నీళ్ళాట అంటే ఈ ఊళ్ళో ఆలోచించి మాట్లాడాలి. 2024 మార్చిలో ఎంత అల్లాడామో మీకు నేను గుర్తుచేయక్కర్లేదు, ట్యాంకర్ రేట్లు, గ్రూపుల్లో గొడవలు, తాగే నీళ్ళతో కారు కడిగినా తోటకి పెట్టినా 5,000 రూపాయల జరిమానా. అందుకని పైపు పట్టుకుని తడుపుకోవడాలు వద్దు. ఆర్వో మిషను వదిలే నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, అవి చాలు. ఒక వెడల్పు బేసిన్‌లో నాలుగు వేళ్ళ ఎత్తు పోసి, పెయింట్ వేసే పాత బ్రష్షు ఒకటి ఇచ్చి కాంపౌండు గోడ చూపించండి. గోడంతా నీళ్ళతో పెయింట్ వేస్తారు. ఈ కొసకి వచ్చేసరికి ఆ కొస ఎండిపోయి ఉంటుంది, మళ్ళీ అక్కడికి పరుగు, ఎండ పడే వైపు ఎందుకు ముందు ఎండిందో ఎవడో ఒకడు అడుగుతాడు. మిగిలిన నీళ్ళు మొక్కలకి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా, రెండేళ్ళ లోపు పిల్లల దగ్గర బకెట్ గానీ బేసిన్ గానీ పెట్టి ఫోన్ ఎత్తడానికి లోపలికి వెళ్ళకండి. తలకిందులుగా పడితే లేవలేరు, రెండు అంగుళాల నీళ్ళు కూడా ప్రమాదమే, చప్పుడు కూడా రాదు. ఆట అవగానే బకెట్ బోర్లించేయండి.

ఇక మన ఆటలు. నడక సరిగ్గా రాని వాళ్ళకి గడ్డి మీద చెప్పుల్లేకుండా తిరగడమే పెద్ద ఆట, ఇంకేం అక్కర్లేదు. రెండు మూడేళ్ళ వాళ్ళకి కాళ్ళాగజ్జ, ఉప్పుమూట. నాలుగు దాటితే నేలాబండ, ఒప్పులకుప్ప, నాలుగుస్తంభాలాట. ఒప్పులకుప్ప తిరిగి తూలి పడిపోతుంటే అమ్మమ్మలు కంగారుపడతారు కానీ, అలా తిరిగి ఆగి నిలదొక్కుకోవడంలోనే పిల్లలకి ఒంటి మీద పట్టు వస్తుంది. తొక్కుడుబిళ్ళకి సుద్దముక్క చాలు. ఏడుపెంకులాట ఇక్కడ లగోరి, మీ పిల్లలకి కన్నడ స్నేహితులు నేర్పే ఉంటారు.

వయసుల వారీగా పిల్లల్ని విడదీయకండి అని ఇంకో మాట. ఈమధ్య ప్రతిదానికీ "రెండు నుంచి మూడు బ్యాచ్, నాలుగు నుంచి ఐదు బ్యాచ్". మన వీధుల్లో ఎనిమిదేళ్ళ అక్క నుంచి మూడేళ్ళ తమ్ముడి దాకా ఒకటే ఆట. తమ్ముడు ఆటలో అరటిపండు, వాడు దొరికినా దొంగ కాడు, పరుగెత్తినా లెక్కలోకి రాడు, కానీ ఆటలో ఉన్నాడు, అన్నీ చూస్తున్నాడు. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు వాడు పళ్ళు కొరికి "నేను అరటిపండు కాదు" అంటాడు చూడండి, ఆ రోజు కోసం ఏ కోచింగూ అక్కర్లేదు. పెద్దపిల్లలకీ మంచిదే, చిన్నవాడి కోసం రూలు మార్చి ఆడటం వాళ్ళూ నేర్చుకుంటారు.

ఎంతసేపు ఆడాలి అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లలకని చెప్పింది, ఏడాది నిండిన దగ్గర్నుంచి రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఒళ్ళు కదలాలి, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి అందులో ఓ గంట ఆయాసం వచ్చేలా ఉండాలి. స్క్రీన్ రెండేళ్ళ లోపు వద్దు, తర్వాత గంటకి మించొద్దు. మూడు గంటలంటే ఒకేసారి కాదు, కంగారుపడకండి, మెట్లు దిగడం, కొట్టుదాకా నడవడం అన్నీ కలిపి. ఇంకోటి, కళ్ళద్దాల సంగతి. చైనాలో గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ళ పిల్లల్ని బడిలో రోజుకి అదనంగా 40 నిమిషాలు బయట ఉంచి మూడేళ్ళు చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. బయట ఉంచిన పిల్లల్లో దగ్గరచూపు సమస్య వచ్చినవాళ్ళు నూటికి 30, మామూలుగా ఉన్న బళ్ళలో నూటికి 40 దాకా. బయటి వెలుతురుకి అంత పనుంది. ఇంట్లో ఎన్ని లైట్లు వేసినా పగటి వెలుతురులో చిన్న వంతే వస్తుంది, చెట్టు నీడలో కూడా ఇంటికంటే చాలా ఎక్కువ ఉంటుంది, ఎండలో మాడ్చమని కాదు నేను చెప్పేది.

ఎండ అన్నాను కాబట్టి. బెంగళూరు చల్లటి ఊరని మనకి ఒక భ్రమ. 2016 ఏప్రిల్లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. ఎత్తు మీద ఉన్నాం కాబట్టి గాలి చల్లగా తగిలినా మధ్యాహ్నం ఎండ చర్మాన్ని కాలుస్తుంది. తెల్లారాక ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా, ఇవే వేళలు. నీడ ఉంటే పది దాకా సాగదీయొచ్చు. మజ్జిగ సీసా ఒకటి పెట్టుకోండి. సాయంత్రం నాలుగున్నరకి కూడా స్లైడు మీద, ఆ రబ్బరు నేల మీద ముందు మీ అరచెయ్యి పెట్టి చూడండి, మీ చెయ్యి ఉంచలేకపోతే పిల్ల తొడలు ఏం ఉంచుతుంది?

స్లైడు దగ్గర ఇంకో సంగతి, ప్రేమతో చేసేది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారడం. పిల్ల బూటు స్లైడు అంచుకి పట్టుకుంటుంది, వెనక మీ బరువు మొత్తం కిందికి వస్తుంది, మోకాలి కింద ఎముక విరుగుతుంది. ఒంటరిగా జారే పిల్లకి కాలు ఆగితే ఒళ్ళంతా ఆగిపోతుంది, మీరుంటే ఆగదు. అందుకే జారితే ఒక్కర్తే జారాలి, జారలేకపోతే ఇంకో ఆర్నెల్లు ఆగాలి. ఎక్కడం కూడా అంతే. కొమ్మ మీద మీరు ఎత్తి కూర్చోబెట్టకండి, తనంతట ఎక్కిన పిల్లకి దిగడం ఎలాగో సగం తెలుసు, మీరు పెట్టిన పిల్లకి ఏమీ తెలియదు. లాల్‌బాగ్‌లో ఆ పెద్ద బండ ఉంది కదా, 300 కోట్ల ఏళ్ళ నాటిదని బోర్డు పెట్టారు, దాని మీద పిల్లలు చేతులూ కాళ్ళూ ఆనించి పాకుతూ ఎక్కుతుంటే కింద నుంచి "పడతావ్, పడతావ్, పడతావ్" అని ఒకటే జపం. ఆ కేకకి తిరిగి చూసి కాలు జారుతుంది. కాలు ఎక్కడ పెడతావ్ అని అడగండి, లేకపోతే వెనక చెయ్యి చాచి ఊరికే నిలబడండి.

ప్రమాదమైనవి తీసేయాలి అన్నాను. పచ్చగన్నేరు, పసుపు గరాటు పూలది, రోడ్ల మధ్యా పార్కుల్లోనూ విపరీతంగా ఉంది, దాని గింజ విషం, నోట్లో పెట్టుకుంటే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే, ఇంట్లో చిట్కాలు చేస్తూ కూర్చోకండి. గురివింద గింజలు కూడా, ఎరుపూ నలుపూ చూసి ముద్దొస్తాయి, నమిలితే విషం. ఖాళీ సైట్ల నిండా ఉండే తెల్లపూల వయ్యారిభామ ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, ఆయాసం. ఈ నెలల్లో పెద్ద తేనెపట్లు అపార్ట్‌మెంట్ల బాల్కనీ కిందా పెద్ద చెట్ల మీదా పడతాయి, దాని కింద ఆటలొద్దు, బాణసంచా వద్దు, రాళ్ళసలే వద్దు. ఏప్రిల్ వానలకి ముందు గాలి దుమారం లేస్తుంది, తురాయి, ఆఫ్రికన్ ట్యులిప్ కొమ్మలు పెళుసు, గాలి మొదలవగానే చెట్ల కింద నుంచి పిల్లల్ని తీసుకొచ్చేయండి. కుక్క గీరినా కరిచినా సబ్బుతో పావుగంట ధారగా కడిగి ఆ రోజే టీకాకి వెళ్ళాలి. ఇవన్నీ పార్కులోకి అడుగుపెట్టగానే ఒక చుట్టు తిరిగి మీరే చూసుకుంటే తర్వాత ప్రతి నిమిషానికీ "ముట్టుకోకు" అనక్కర్లేదు.

సరే, మీ ప్రశ్నలు. చీటీల్లో రాసిచ్చారు, కొన్ని చదువుతాను.

"మా బాబు మట్టి తింటాడు, బయటికి తీసుకెళ్ళాలంటే టెన్షన్." ఏడాది పిల్లాడు ఒకసారి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే పట్టించుకోకండి, అందరూ చేసేదే. రెండు దాటాక కూడా వెతుక్కుని మరీ తింటున్నాడంటే రక్తంలో ఐరన్ తక్కువేమో, డాక్టర్ దగ్గర టెస్ట్ చేయించండి. నులిపురుగుల మందు ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో, బళ్ళలో ఇస్తారు, వేయించారో లేదో చూసుకోండి. ఆట అవగానే సబ్బుతో చేతులు. అంతే.

"నాకు మోకాళ్ళ నొప్పులు, మనవరాలి వెంట పరిగెత్తలేను." తాతగారూ, మీరు పరిగెత్తకండి, ఆ పిల్ల మిమ్మల్ని చూసుకోవడానికి ఐదు నిమిషాలకోసారి వస్తుంది, మీరు బెంచీ మారకుండా కూర్చుంటే చాలు. మారితే మాత్రం ఏడుస్తుంది. తెచ్చిచ్చిన ప్రతి రాయీ జేబులో పెట్టుకోండి, ఇంటికెళ్ళాక లెక్క అడుగుతుంది.

"బయటికి తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో బోర్ అంటుంది, ఫోన్ ఇమ్మంటుంది." మీరేం చేస్తున్నారు ఆ ఐదు నిమిషాలూ? (నవ్వులు) కాదు, నిజంగానే అడుగుతున్నా. కాల్ మ్యూట్‌లో పెట్టి చెవిలో హెడ్‌సెట్‌తో ఉయ్యాల ఊపుతుంటే పిల్లకీ ఫోనే గుర్తొస్తుంది. మొదటి రెండు మూడు ఆదివారాలు బోర్ అంటుంది, అననివ్వండి, "అవునా" అనండి, ఏమీ సూచించకండి. కాసేపు మీ కాళ్ళ దగ్గరే మూలుగుతూ తిరుగుతుంది, తర్వాత పుల్లతో నేల గీకడం మొదలుపెడుతుంది. అక్కడ కదిలించకండి.

"మగపిల్లలు కర్రలతో కొట్టుకుంటారు, ఆపాలా?" కర్ర వాళ్ళ ముంజేయి పొడుగు మించకూడదు, మొహం వైపు ఎత్తకూడదు, కర్ర పట్టుకుని పరిగెత్తకూడదు. ఈ మూడూ చెప్పి వదిలేయండి. ఇది ఆడపిల్లలకీ వర్తిస్తుంది, చీటీ రాసినవారు గమనించగలరు.

"కింద బంతాట ఆడొద్దని బోర్డు పెట్టారు, ఎవరినడగాలి?" సెక్రటరీగారు రెండో వరసలో ఉన్నారు, ఆయన్నే అడగండి, నన్ను ఇరికించకండి. కార్లు పెట్టని వైపు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా బోర్డు తిప్పి పెట్టుకోవచ్చేమో మీరూ మీరూ తేల్చుకోండి, మెత్తటి బంతి అయితే అద్దాలకేం కాదు.

ఆఖరిది, వచ్చే ఆదివారం గురించి. కబ్బన్ పార్కుకి వెళ్దామని ఇందాక కొందరన్నారు. ఆదివారాలు లోపల బళ్ళు తిరగనివ్వరు కాబట్టి పిల్లల్ని చెయ్యి వదిలి నడిపించొచ్చు, వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే మారకుండా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగుతాం. ఎనిమిదిన్నరకి లోపల ఉండేలా రండి, పదింటికి వెనక్కి. ఒక జత బట్టలు, తువ్వాలు, నీళ్ళ సీసా, ఏరినవి వేసుకోవడానికి గుడ్డసంచి, కొత్త బట్టలు వేయకండి. బొమ్మలు తేవద్దు, సబ్బు బుడగల మిషన్లు అసలే తేవద్దు, ఆ సౌండుకి మిగతా పిల్లలంతా అక్కడే మూగుతారు. ఉప్మా ఎవరు తెస్తారో గ్రూపులో రాయండి, పోయినసారి అందరూ బిస్కెట్లే తెచ్చారు.